భయపడాల్సిన వెలుగు వేరే ఉంది

పోయిన నెల ఓ ఆదివారం సాయంత్రం రైతుబజారు నుంచి కూరగాయల సంచీతో వస్తుంటే, గుంటూరులో మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర అసోసియేషన్ సెక్రటరీగారు నన్ను పట్టుకున్నారు. వెనక ఇంకో నలుగురున్నారు. పక్క బిల్డింగ్ మీద సెల్ టవర్ పెట్టబోతున్నారట, దాన్ని ఆపించమని కార్పొరేషన్‌కు అర్జీ. "మేడంగారూ, మీరు ఫిజిక్స్ చెప్పినవారు. మొదటి సంతకం మీదైతే కాగితానికి బరువుంటుంది" అన్నారు. సంచీ కింద పెట్టి అక్కడే చదివాను. రేడియేషన్ అన్న మాట పదకొండుసార్లు ఉంది. ఏ రేడియేషనో, ఎంతో, ఎంత దూరం నుంచో ఒక్కసారి కూడా లేదు.

చదువుతుండగా ఆ కాగితం మీద నీలం వెలుగు టపటపా మెరిసి ఆగింది. మళ్లీ మెరిసింది. ఎదురుగా రోడ్డుకు అవతల గ్రిల్లులు, గేట్లు చేసే వెల్డింగ్ షాపు ఉంది. ట్యూషన్ నుంచి వస్తున్న ఇద్దరు పిల్లలు సైకిళ్లు ఆపుకుని నోళ్లు తెరుచుకుని ఆ మెరుపుల్నే చూస్తున్నారు. సెక్రటరీగారి వీపు అటువైపు ఉంది.

నేను సంతకం పెట్టలేదు. అప్పట్నుంచి లిఫ్టులో నాతో పలకరింపులు తగ్గాయి. ఎందుకు పెట్టలేదో నాలుగు అంతస్తులు ఎక్కేలోపు చెప్పడం కుదిరే పని కాదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

మా నాన్నగారు తెనాలి దగ్గర ఓ పల్లెలో ఎలిమెంటరీ స్కూలు మాస్టారు. ఇంట్లో రేడియో ఉండేది. దానికి పోస్టాఫీసులో లైసెన్సు కట్టాల్సిన రోజులవి. పెంకుటింటి మీదుగా రెండు వెదురు గెడలకు రాగి జాలీ ఏరియల్ కట్టి, తీగ కిటికీలోంచి లోపలికి లాగారు. పగలంతా విజయవాడ కేంద్రం. రాత్రయితే మా అన్నయ్య షార్ట్‌వేవ్‌కు తిప్పి రేడియో సిలోన్ కోసం ముల్లును వెంట్రుకవాసి అటూ ఇటూ జరిపేవాడు. ఆ గాజు పలక మీద 25, 31, 41, 49 అని అంకెలు, పక్కన మీటర్లు అని ఉండేది. అవి స్టేషన్ ఎంత దూరంలో ఉందో చెబుతాయని నేను అనుకున్నాను. సిలోన్ 41 మీటర్ల దూరంలో ఉందంటే మా గొడ్లచావిడి దాటగానే ఉండాలి కదా, అక్కడ వాముదొడ్డి తప్ప ఏమీ లేదే అని చాలాకాలం బెంగ. నాన్నగారిని అడిగితే "పాట విను" అన్నారు. ఆయనకూ తెలిసి ఉండదు.

అవి అల పొడవులు. సిలోన్ నుంచి సముద్రం దాటి మా రాగి జాలీకి వచ్చి తగిలే అలలో ఒక శిఖరానికీ తర్వాతి శిఖరానికీ మధ్య దూరం నలభై ఒక్క మీటర్లు. పుస్తకంలో దీన్నే తరంగదైర్ఘ్యం అంటారు. ఆ మాట నోరు తిరిగేలోపు పిల్లలకు అందులోని అల జారిపోతుంది. విజయవాడ కేంద్రం 837 కిలోహెర్ట్జ్. అంటే సెకనుకు ఎనిమిది లక్షల ముప్ఫై ఏడు వేల సార్లు ఊగే అల. దాని పొడవు సుమారు 358 మీటర్లు, ప్రకాశం బ్యారేజీలో మూడో వంతుకు కాస్త తక్కువ. ఎఫ్ఎం అల మూడు మీటర్లు, ఆటో కంటే కొంచెం పొడుగు. మీ ఫోను వాడే 1800 మెగాహెర్ట్జ్ అల పదహారు, పదిహేడు సెంటీమీటర్లు, జానెడుకు తక్కువ. టీవీ రిమోట్ మీట నొక్కితే వచ్చేది మిల్లీమీటరులో వెయ్యో వంతు. అది కంటికి కనపడదు కానీ రిమోట్‌ను ఫోను కెమెరా ముందు పెట్టి నొక్కి చూడండి, చాలా ఫోన్ల తెర మీద చిన్న చుక్క వెలుగుతుంది. ఇంకొంచెం పొట్టి చేస్తే ఎరుపు. దానికంటే పొట్టిది పసుపు, ఆకుపచ్చ, ఊదా. ఆకుపచ్చ అల మన వెంట్రుక మందంలో నూరో వంతు కూడా ఉండదు.

విజయవాడ కేంద్రం అలకూ, అరటాకు పచ్చదనానికీ జాతిలో తేడా లేదు. పొడవులోనే తేడా. ఈ ఒక్క సంగతి మనసుకు పట్టితే సగం భయాలు పోతాయి. ముప్ఫై ఒక్కేళ్లు జూనియర్ కాలేజీలో పాఠం చెప్పి కూడా దీన్ని పిల్లల మనసుకు పట్టించలేకపోయాను. గామా, ఎక్స్, అతినీలలోహిత, దృశ్య, పరారుణ, మైక్రో, రేడియో అని దండకంలా వల్లెవేయించాను. ఎంసెట్‌లో ఒక బిట్టు. వరస తప్పితే మార్కు పోతుంది. ఆ వరసలో మన ఇంటి రేడియో ఎక్కడుందో, వంటింటి దీపం ఎక్కడుందో చెప్పే తీరిక నాకూ లేదు, వినే తీరిక వాళ్లకూ లేదు. ఆ అర్జీ మీద సంతకం పెట్టినవాళ్లలో నా దగ్గర చదువుకున్నవాళ్లు ఇద్దరున్నారు.

వెలుతురు విద్యుత్తుకు చుట్టమని మొదట తేల్చింది కళ్లతో చూసి కాదు, లెక్క వేసి. నాకు భౌతికశాస్త్రంలో అన్నిటికంటే ఇష్టమైన కథ ఇదే. 1856లో జర్మనీలో వెబర్, కోల్‌రాష్ అనే ఇద్దరు ఒక గాజు జాడీలో విద్యుత్తు నింపి, దాన్ని రెండు రకాలుగా కొలిచారు. అది నిశ్చలంగా ఉన్నప్పుడు ఎంత బలంతో లాగుతుందో ఒకసారి, తీగలోంచి పారి అయస్కాంతపు ముల్లును ఎంత కదుపుతుందో ఇంకోసారి. ఈ రెండు కొలతల నిష్పత్తి ఒక వేగం అవుతుంది. వాళ్ల ప్రయోగంలో దీపం లేదు, అద్దం లేదు, కటకం లేదు. వెలుతురు సంగతి వాళ్ల తలపులోనే లేదు.

ఐదేళ్ల తర్వాత, 1861 వేసవి సెలవుల్లో, లండన్ కింగ్స్ కాలేజీ ప్రొఫెసర్ జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ స్కాట్లండ్‌లోని సొంత ఊళ్లో కూర్చుని విద్యుత్తు, అయస్కాంతం ఒకదాన్నొకటి ఎలా కదుపుతాయో సూత్రాలు రాసుకుంటున్నాడు. విద్యుత్ క్షేత్రం మారితే దాని పక్కన అయస్కాంత క్షేత్రం లేస్తుంది. అది మారితే మళ్లీ విద్యుత్ క్షేత్రం లేస్తుంది. ఇలా ఒకదాన్నొకటి లేపుకుంటూ ముందుకు పోయే అల ఒకటి ఉండి తీరాలని సూత్రాలు చెప్పాయి. దాని వేగమెంతో తేల్చాలంటే వెబర్ అంకె కావాలి. ఆ పల్లెలో ఆ అంకె ఉన్న పుస్తకం దగ్గర లేదు. సెలవులయ్యాక లండన్ వచ్చి పుస్తకం తీసి చూసి గుణించాడు. సెకనుకు సుమారు 3,10,740 కిలోమీటర్లు వచ్చింది. అప్పటికే, 1849లో, ఫీజో అనే ఫ్రెంచివాడు పారిస్ దగ్గర పంటిచక్రం తిప్పుతూ కాంతి వేగాన్ని నేరుగా కొలిచి ఉన్నాడు. ఈ రెండు అంకెల మధ్య నూటికి ఒకటిన్నర కూడా తేడా లేదు. జాడీలో విద్యుత్తును కొలిస్తే పగటి వెలుతురు వేగం బయటపడింది. ఆ గుణకారం పూర్తయిన క్షణంలో ఆ మనిషి ఏం చేసి ఉంటాడా అని నేను చాలాసార్లు అనుకున్నాను. కనీసం లేచి కిటికీ దగ్గరికి వెళ్లి ఉంటాడు.

అది లెక్క. అలను పట్టుకుని చూపించిన మనిషి హెర్ట్జ్. 1887, 88లలో జర్మనీలో కార్ల్స్‌రూ కాలేజీ హాల్లో ఒక చివర నిప్పురవ్వలు పుట్టించి, రెండో చివర గోడకు జింకు రేకు కొట్టాడు. పోయే అల, రేకుకు తగిలి తిరిగొచ్చే అల ఒకదాని మీద ఒకటి పడి, కొన్నిచోట్ల పొంగి కొన్నిచోట్ల చచ్చిపోతాయి. చేతిలో చిన్న రాగి వలయం పట్టుకుని చీకట్లో నడుస్తూ, వలయం సందులో బుల్లి రవ్వ ఎక్కడ పెద్దదవుతోందో, ఎక్కడ మాయమవుతోందో చూసి అల పొడవు కొలిచాడు. రేడియోకు పునాది ఆ రవ్వే. ఆ తర్వాత ఏడేళ్లకు కలకత్తా టౌన్‌హాల్లో జగదీశ్ చంద్ర బోస్ ఇదే జాతి అలలతో గోడ అవతల గంట మోగించి, మందుగుండు పేల్చాడు. ఆ రోజుల్లోనే ఆయన మిల్లీమీటర్ల పొడవు అలల్ని పుట్టించి పరీక్షించాడు. 5జీ అనగానే ఏదో కొత్త విషం కనిపెట్టారనుకునేవాళ్లకు ఈ మాట చెప్పాలి. అలాంటి అలలు మన దేశంలో నూటపాతికేళ్ల పైబడి పాతవి.

హెర్ట్జ్ చేసిన పనిని మీ వంటింట్లో చేయొచ్చు. మొన్న సెలవులకు వచ్చిన మా మనవరాలితో చేయించాను. మైక్రోవేవ్ ఓవెన్‌లో తిరిగే గాజు పళ్లెం తీసేశాం. కింద మోటారు కొక్కెం తిరుగుతూనే ఉంటుంది కాబట్టి దానికి తగలకుండా ఒక పింగాణీ గిన్నె బోర్లించి, దాని మీద ప్లేటు, ప్లేటు మీద ఒక పెద్ద మినపప్పడం పెట్టాం. ఇరవై సెకన్లు నడిపి ఆపేశాం. తీసి చూస్తే అప్పడం అంతా కాలలేదు. కొన్నిచోట్ల తెల్లగా పొంగి బుడగలు లేచాయి, మధ్యలో పచ్చిగా, పసుప్పచ్చగా అలాగే ఉంది. కాలినచోట అల పొంగింది, పచ్చిగా ఉన్నచోట చచ్చిపోయింది. మనవరాలు స్కేలు పెట్టి బుడగకూ బుడగకూ మధ్య కొలిచింది. ఒకచోట ఐదున్నర సెంటీమీటర్లు, ఇంకోచోట ఆరున్నర. సగటు ఆరు. పోయే అల, తిరిగొచ్చే అల కలిసి పొంగేచోట్ల మధ్య దూరం కాబట్టి ఇది సగం అలే. మొత్తం అల పన్నెండు సెంటీమీటర్లు. ఓవెన్ వెనక అంటించిన రేకు మీద 2450 మెగాహెర్ట్జ్ అని ఉంది, అంటే సెకనుకు 245 కోట్ల ఊపులు. పన్నెండును 245 కోట్లతో గుణిస్తే 2,940 కోట్ల సెంటీమీటర్లు, అంటే 2,94,000 కిలోమీటర్లు. పుస్తకంలో కాంతి వేగం 2,99,792. అప్పడంతో కొలిచినదానికి ఇంతకంటే ఏం కావాలి? తర్వాత ఆ అప్పడం మామూలుగా కాల్చుకుని పప్పన్నంలో తిన్నాం.

"మరి అప్పడం కాలింది కదా, మనిషి కాలడా?" అని సెక్రటరీగారు అడగొచ్చు. అడగాల్సిన ప్రశ్నే. దానికి జవాబు రెండు ముక్కలు.

మొదటిది. 1900లో ప్లాంక్, 1905లో ఐన్‌స్టీన్ చెప్పినదేమంటే, ఈ అల తన శక్తిని ధారగా పోయదు, పొట్లాలు పొట్లాలుగా ఇస్తుంది. (ఐన్‌స్టీన్ నోబెల్ దీనికే వచ్చింది, సాపేక్ష సిద్ధాంతానికి కాదు.) ఒక్కో పొట్లం బరువు అల ఎంత వేగంగా ఊగుతుందన్న దాని మీదే ఆధారపడుతుంది. ఇంకో లెక్క లేదు. ఫోను అల సెకనుకు 180 కోట్లసార్లు ఊగుతుంది. ఆకుపచ్చ వెలుతురు 540 లక్షల కోట్లసార్లు. భాగిస్తే మూడు లక్షలు. అంటే మీ ట్యూబ్‌లైటు వెలుగులోని ఒక్కో పొట్లం, టవర్ నుంచి వచ్చే ఒక్కో పొట్లం కంటే మూడు లక్షల రెట్లు బలమైనది.

చిన్నప్పుడు మామిడితోటలో కాయ కొట్టినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. ముచ్చిక తెగాలంటే రాయి తగలాలి. చింతగింజలు లక్ష విసిరినా కాయ రాలదు. మన ఒంట్లో జన్యువుల్ని కట్టి ఉంచే రసాయన బంధాలు ఆ ముచ్చికలాంటివి. వాటిని తెంపే రాళ్లు ఊదా రంగు దాటిన తర్వాత మొదలవుతాయి: అతినీలలోహితం, ఎక్స్ కిరణాలు, గామా. ఎరుపుకు ఇవతల ఉన్న పరారుణం, మైక్రోవేవ్, ఫోను, రేడియో అన్నీ చింతగింజలే. కుప్పలుగా పోస్తే వేడెక్కించగలవు, ఓవెన్‌లో జరిగేది అదే. ఒక ఉక్కుపెట్టెలో బిగించి ఏడెనిమిది వందల వాట్లు కుమ్మరిస్తేనే అప్పడం అక్కడక్కడ కాలింది.

రెండో ముక్క, ఎంత పోస్తున్నారన్నది. 1800 మెగాహెర్ట్జ్ టవర్ నుంచి జనం ఉండేచోట పడే శక్తికి అంతర్జాతీయ పరిమితి చదరపు మీటరుకు 9 వాట్లు. మన ప్రభుత్వం 2012 సెప్టెంబరు 1 నుంచి దాన్ని పదో వంతుకు, సుమారు 0.9 వాట్‌కు, తగ్గించింది. మన గుంటూరు మిట్టమధ్యాహ్నం ఎండ చదరపు మీటరుకు వెయ్యి వాట్లు. ఈ రెంటినీ ఒకే తక్కెడలో వేయడం పూర్తిగా న్యాయం కాదు. ఎండ చర్మం దగ్గరే ఆగిపోతుంది, ఫోను అల కొన్ని సెంటీమీటర్లు లోపలికి వెళుతుంది. అందుకే పరిమితి అంత గట్టిగా పెట్టారు. అయినా వెయ్యికీ, ఒకటి కూడా లేనిదానికీ ఉన్న దూరం తెలిసి మాట్లాడటం మంచిది.

ఇందులో తమాషా ఇంకోటుంది. దూరం రెట్టింపైతే అల బలం నాలుగో వంతవుతుంది. టవర్ ఎంత దగ్గరైనా పదుల మీటర్ల అవతల ఉంటుంది, ఫోను చెవికి ఆనుకుని ఉంటుంది. టవర్ దగ్గరుంటే ఫోను గుసగుసలాడుతుంది, దూరమైతే అరుస్తుంది. పక్కన కూర్చున్నవాడితో మాట్లాడే గొంతుతో కాలవ అవతలివాణ్ణి పిలవలేం కదా, అలాగే. సిగ్నల్ గీతలు తగ్గినకొద్దీ మీ చెవి దగ్గరున్న ఫోను తన బలం పెంచుకుంటుంది. టవర్‌ను కాలనీ నుంచి తరిమేస్తే మన తలల్లోకి వెళ్లే అల పెరుగుతుందే తప్ప తగ్గదు. ఇక టవర్ సరిగ్గా కింద ఉన్న ఇల్లంటారా, యాంటెన్నాలు అలను అడ్డంగా దూరానికి విసురుతాయి. టార్చిలైటు ఎదురుగా పట్టుకుంటే కాళ్ల దగ్గర ఎంత వెలుగు పడుతుందో, కింది ఇంటికీ అంతే.

ఈ లెక్కలు నమ్మక్కర్లేదు, కొలిపిద్దాం అన్నాను. 2017లో టెలికాం శాఖ తరంగ్ సంచార్ అని పోర్టల్ తెచ్చింది. నాలుగు వేల రూపాయలు కడితే మనుషులొచ్చి మీటరు పెట్టి కొలిచే ఏర్పాటు చేసింది. టవర్ లేచాక కొలిపించి, ఎక్కువ చూపిస్తే అప్పుడు అర్జీ పెడదాం. మాకు నలభై ఫ్లాట్లు, తలా వంద. ఒక పెద్దాయన సందేహించారు. "కొలిస్తే తక్కువని వస్తే ఎలాగండీ?" ఆయన నిజాయితీగానే అడిగారు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇంకొకాయన రజనీకాంత్ 2.0 సినిమాలో పక్షులు చచ్చిపోవడం గుర్తుచేశారు.

అనుమానాలే లేవని నేననను. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సర్ పరిశోధన సంస్థ రేడియో అలల్ని 2బి వర్గంలో పెట్టింది. అంటే కేన్సర్ కారకం అయ్యే అవకాశాన్ని కొట్టిపారేయలేం అని. ఆ జాబితాలోనే కలబంద ఆకు సారం కూడా ఉంది. ఆ తర్వాత 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చేయించిన పెద్ద సమీక్షలో మొబైల్ వాడకానికీ మెదడు కేన్సర్‌కూ సంబంధం కనపడలేదు. ఇదే కేన్సర్ సంస్థ సందేహం లేదని తేల్చిన ఒకటో వర్గంలో ఏమున్నాయో ఎవరూ చూడరు. ఎక్స్ కిరణాలున్నాయి, ఎండ ఉంది. 2017లో వాటి సరసన వెల్డింగ్ నుంచి వచ్చే అతినీలలోహిత కిరణాల్ని కూడా చేర్చారు.

మన జనానికి రేడియేషన్ అన్న మాట బడిలో కాదు, కేన్సర్ ఆసుపత్రి వరండాలో పరిచయమవుతుందని నా అనుమానం. "మా అత్తకు పాతిక రేడియేషన్లు ఇచ్చారు", "రేడియేషన్‌కు జుట్టంతా రాలిపోయింది" అనే మాటలతో ఇంట్లోకి వస్తుంది. తర్వాత అదే మాట టవర్‌కు తగిలిస్తే ఒళ్లు జలదరించక ఏం చేస్తుంది? ఇంగ్లీషులో ఆ మాటకు అర్థం వెలువడటం, అంతే. వెన్నెల కూడా రేడియేషనే. పొయ్యి సెగ కూడా.

ఇక ఆ వెల్డింగ్ షాపు సంగతి. నాకు తొమ్మిదేళ్లప్పుడు మా ఊరి గుడికి ఇనుప గేటు పెట్టారు. తెనాలి నుంచి వెల్డింగ్ మిషను తెచ్చారు. ఒక మధ్యాహ్నమంతా అరుగు మీద కూర్చుని ఆ నీలిమెరుపును కన్నార్పకుండా చూశాను. అంత అందమైన వెలుగు అంతకుముందు చూడలేదు. సాయంత్రం దాకా ఏమీ లేదు. రాత్రి పదకొండుకు లేచి కేకలు. కళ్లలో ఇసుక పోసి రుద్దుతున్నట్టు మంట, రెప్ప తెరవలేను, దీపం చూడలేను. మా నాయనమ్మ పక్కింటి బాలింతరాలి దగ్గరికి పరుగెత్తి చనుబాలు పట్టుకొచ్చి కళ్లలో పోయించింది. దాని వల్ల తగ్గిందో, మామూలుగా తగ్గేదే తగ్గిందో, రెండోనాటికి కళ్లు విప్పాను. వెల్డింగ్ పనివాళ్లు దీన్ని కన్ను కొట్టడం అంటారు. నల్లగుడ్డు మీది సన్నని పొర కాలిపోవడం అది. కాలుతున్నప్పుడు తెలియదు, గంటల తర్వాత తెలుస్తుంది. ఆ నీలం మెరుపు మనకు కనిపించేది సగమే. ఊదా రంగు అవతల కంటికి ఆనని అతినీలలోహితం దానితో పాటే పోటెత్తుతుంది. ముచ్చిక తెంపే రాళ్లన్నానే, అవే. పిల్లలు సైకిళ్లాపి చూస్తున్నది వాటినే.

షాపులో పనిచేసే కుర్రాడికి పంతొమ్మిదేళ్లుంటాయి. కళ్లకు రోడ్డుపక్కన అమ్మే కూలింగ్ గ్లాసులు. ముదురు అద్దం పెట్టాక వెలుగు తగ్గిందనుకుని కంటిపాప విచ్చుకుంటుంది, పక్కల నుంచీ పై నుంచీ వచ్చే కిరణాలు తిన్నగా లోపలికి పోతాయి. చిన్న టాక్, అంటే అతుకు, వేయాలంటే అదీ లేదు, మొహం పక్కకు తిప్పి కళ్లు మూసుకుని రాడ్డు తాకిస్తాడు. మెడ మీద, చొక్కా గుండీ విప్పినచోట, చర్మం పొట్టు లేస్తోంది. రెండు రోజుల తర్వాత హార్డ్‌వేర్ షాపులో పదకొండో నంబరు నల్లద్దం బిగించిన చేతి షీల్డు కొనుక్కెళ్లి ఇచ్చాను. చూసి నవ్వాడు. "ఒక చేత్తో ముక్క పట్టుకోవాలి, ఇంకో చేత్తో హోల్డరు. ఇది ఏ చేత్తో పట్టుకోనమ్మా?" అన్నాడు. నిజమే, నాకే తట్టలేదు. మళ్లీ వెళ్లి తలకు బిగించేది తెచ్చాను, మూడువందల యాభై. నేను అటు నడిచినప్పుడు పెట్టుకుంటున్నాడు. దాటాక తీసేస్తున్నాడేమో. రాత్రిళ్లు కళ్లు మండితే ఏం చేస్తావని అడిగితే, బంగాళాదుంప చక్రాలు పెట్టుకుని పడుకుంటానన్నాడు. నెలకు రెండు మూడుసార్లు మామూలేనట. ఓనరు కూడా ఇరవయ్యేళ్లుగా అలాగే చేశాడట.

మా అర్జీలో ఆ కుర్రాడి ఊసు లేదు. ఆ షాపు ముందు ఓ రేకు అడ్డమో, పాత టార్పాలినో కట్టినా చాలు, రోడ్డున పోయేవాళ్లకు ఆ వెలుగు తగలదు. లోపలివాడికి నల్లద్దం ఉంటే చాలు. దీన్ని కొలవడానికి మీటరు అక్కర్లేదు, నాలుగు వేలూ అక్కర్లేదు. పొద్దున లేచేసరికి ఎర్రబడిన కళ్లు చూస్తే తెలుస్తుంది.

సెక్రటరీగారూ, ఇంకో కాగితం తీసుకురండి. షాపుకు అడ్డం కట్టించమని, పనివాడికి తలకు పెట్టుకునే షీల్డు ఓనరే కొనివ్వాలని రాయండి. మొదటి సంతకం నేను పెడతాను.